భయం ఆర్పే బ్యాండ్

మృదుల నుదుటికి బ్యాండ్ బిగించి డాక్టర్ సాంబమూర్తి స్విచ్ నొక్కాడు. అప్పటిదాకా గోళ్లు కొరుక్కుంటున్న పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని నిమ్మళంగా నవ్వింది.

"ఇప్పుడు అడగండి," అన్నాడాయన ఇందుమతితో.

కాకినాడ అడ్మిషన్ కేంద్రంలో ఇందుమతి కౌన్సెలర్. పిల్లల మనసులో ఉన్నది వాళ్ల నోటే చెప్పించడం ఆమె పని. కన్నవాళ్ల ముందు చాలామంది నోరు విప్పరు. అందుకే సాంబమూర్తి ఈ బ్యాండ్ తయారుచేశాడు. భయం పుట్టినప్పుడు మెదడులో లేచే సిగ్నల్‌ను సెన్సర్లు పసిగడతాయి. వెంటనే బ్యాండ్ ఎదురు సిగ్నల్ పంపి దాన్ని ఆర్పేస్తుంది. భయం పోతే అసలు కోరిక బయటికొస్తుందని ఆయన నమ్మకం.

"ఏం చదవాలనుందమ్మా?"

"ఏదైనా పర్లేదు మేడం."

బ్యాండ్ పెట్టుకున్న ప్రతి పిల్లదీ ఇదే మాట. ఈ ఏడాది ఒక్క ఫిర్యాదూ లేదని పైఅధికారులు మెచ్చుకుంటున్నారు. ఇందుమతికి మాత్రం కుర్చీలో కుదురు లేదు. లేచి కిటికీ దాకా వెళ్లింది. దూరంగా సముద్రం మీద తేలే కాలనీలు ఎండకి మెరుస్తున్నాయి. మళ్లీ వచ్చి కూర్చుంది.

"ఫార్మసీ అనుకున్నామండి," అన్నాడు మృదుల తండ్రి గోవర్ధన్. హార్బర్‌లో క్రేన్ నడుపుతాడు. "ఊళ్లోనే కాలేజీ. అమ్మాయీ సరేనంటోంది కదండి."

"సరేననడం లేదండీ. వద్దనడం లేదు, అంతే." ఇందుమతి పిల్ల నుదుటి మీంచి బ్యాండ్ తీసేసింది.

"టెస్ట్ పూర్తవలేదు మేడం," అన్నాడు సాంబమూర్తి.

"భయంతోపాటు ఇంకేదో కూడా ఆరిపోతోంది డాక్టర్‌గారూ. ఏం పోయినా బెంగ లేని పిల్ల దేన్నని కోరుకుంటుంది?"

మృదుల కాలు ఆడించడం మొదలుపెట్టింది. తండ్రిని చూసి తల దించుకుంది.

"సముద్రగర్భ ఇంజినీరింగ్," అంది. "ఆ కాలనీల్ని పట్టి ఉంచే గొలుసులు అడుగున ఉంటాయి మేడం. నీళ్లలోకి దిగి వాటిని బాగుచెయ్యాలి. దిగాలంటే నాకు భయమే. అయినా అదే కావాలి."

గోవర్ధన్ లేచి నిలబడ్డాడు. "మీ బాబాయి సముద్రంలోకెళ్లి తిరిగి రాలేదు. మర్చిపోయావా?"

"లేదు నాన్నా."

అతను తలుపు దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. చివరికి బల్ల మీది బ్యాండ్ అందుకున్నాడు. "ఇది నాకు పెట్టండి డాక్టరుగారూ. లేకపోతే నావల్ల కాదండి."

సాంబమూర్తి పెట్టాడు. గోవర్ధన్ ముఖం తేటపడింది.

"అదే చదువుకో తల్లీ. నాకేం అభ్యంతరం లేదు."

"ఇన్నాళ్లూ పెట్టకూడని తలకి పెట్టాను," అన్నాడు సాంబమూర్తి సంబరంగా. "పెట్టాల్సింది పెద్దవాళ్లకి."

ఇందుమతి సీటు ఖాయం చెయ్యడానికి స్క్రీన్ మీద వేలు పెట్టబోయింది.

"ఆగండి మేడం." మృదుల వచ్చి తండ్రి ఎదుట నిలబడింది. "అది తీసి చెప్పు నాన్నా."

"తీస్తే చెప్పలేనేమో."

"చెప్పకపోతే ఇంటికెళ్లి పోట్లాడుకుందాం. ఇలా మాత్రం వద్దు."

గోవర్ధన్ బ్యాండ్ తీశాడు. ముఖం పాలిపోయింది. కూతురి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. సాంబమూర్తి ఏదో అనబోతే ఇందుమతి వారించింది.

"తాడు కట్టుకునే దిగుతారా?" అన్నాడు చివరికి.

"కట్టుకునే దిగుతారు నాన్నా."

"నువ్వు రెండు కట్టుకో," అన్నాడు గోవర్ధన్.