వజ్రకు పెట్టిన బొట్టు

“మాధవరం బస్ టెర్మినస్. బస్సులో సీటు కింద బాంబు, సీటు మీద ఒక ఆవిడ. లేస్తే పేలుతుంది. లేవకపోయినా పదకొండింటికి పేలుతుంది” అన్నాడు చీఫ్ శ్రీరామచంద్ర ఫోన్‌లో.

“ఎవరి పని?” అడిగాడు ఏజెంట్ భాష్యం.

“గ్రే హెరాన్. ఆయుధాలమ్ముకునే విదేశీ ముఠా. బాంబుల్ని చంపే మన కొత్త మిషను ‘వజ్ర’ మొదటి ఆపరేషన్‌లోనే ఫెయిలైతే వాళ్ల సరుకు కొంటామని ఆశ. మన టీమ్‌లో వాళ్ల మనిషి ఒకరున్నారు. పట్టుకో.”

భాష్యానికి ఒళ్లు మండింది. సరుకు అమ్ముకోవడానికి ఒక ఆడమనిషిని చంపే వెధవలు, మళ్లీ వాళ్లకో స్టైల్ పేరు!

పది యాభైకి ఖాకీ చొక్కా, మెడలో విజిల్‌తో టైమ్‌కీపర్ వేషంలో బస్సెక్కాడు. అందరినీ దించేశారు. ఆసుపత్రి ఆయా లూర్దుమేరి మాత్రం సీట్లో బిగుసుకుని ఉంది.

“కాళ్లు తిమ్మిరెక్కినాయి సార్. డ్యూటీకి టైమైపోయింది.”

“కదలొద్దమ్మా. ఇంకాసేపే.”

ప్రాజెక్ట్ సైంటిస్ట్ డాక్టర్ రాగిణి బస్సెక్కింది. నల్ల గాగుల్స్, పట్టుచీర, బస్సంతా సెంటు వాసన. వెనకే చూలై వర్క్‌షాపు మెకానిక్ నాగప్పన్, సూట్‌కేసంత ‘వజ్ర’ను మోసుకొచ్చాడు. దాని ఎలక్ట్రాన్ బీమ్ ఇనప రేకులోంచి దూసుకెళ్లి బాంబు సర్క్యూట్‌ను మాడ్చేస్తుంది, లోపలి పేలుడు మందు అంటుకోదు. గురి వెంట్రుకవాసి తప్పితే మాత్రం మందే అంటుకుంటుంది.

“ఫైర్ చెయ్యి నాగప్పన్” అంటూనే రాగిణి ఫుట్‌బోర్డు దాకా వెళ్లిపోయింది. మేడమ్ గారి ధైర్యం అంతవరకే.

నాగప్పన్ బటన్ మీంచి వేలు తీసేశాడు. “సార్, ఇది మన మిషను కాదు. నిన్న ఆయుధ పూజకి ఈడ మూత మీద నేనే గంధం, కుంకం బొట్టు పెట్టినాను. ఇప్పుడు లేదే!”

“బొట్టా? ఏం బొట్టు?” అంది రాగిణి.

భాష్యం నవ్వాడు. “నిన్న పూజలో ముందు వరసలో నిలబడి హారతి కళ్లకద్దుకున్నారు, నేను చూశాను కదా మేడమ్! మీ దొరలు స్క్రూతో సహా కాపీ కొట్టారు. బొట్టు మాత్రం మురికనుకుని వదిలేశారు. మీరైనా చూసుకోవద్దూ?”

రాగిణి లిప్‌స్టిక్ పిస్టల్ తీసింది. భాష్యం విజిల్ ఊదాడు. అందులోంచి మత్తు సూది దూసుకెళ్లి ఆమె మెడలో దిగింది. పట్టుచీరతో సహా ఫుట్‌బోర్డు మీద కూలబడింది.

పది యాభై ఎనిమిది.

“మిషనొచ్చింది ఈమె కారులోనే, అసలుది డిక్కీలో ఉంటుంది. పరిగెత్తు!”

నాగప్పన్ రొప్పుతూ తెచ్చాడు. మూత మీద బొట్టు, కాస్త చెదిరినా, ఎర్రగా ఉంది. లూర్దుమేరి కళ్లు మూసుకుని మరియ తల్లిని తలుచుకుంది. నాగప్పన్ బటన్ నొక్కాడు, బీమ్ చప్పుడు చెయ్యకుండా దూసుకెళ్లింది. టైమర్ రెండు సెకన్ల దగ్గర ఆగింది.

భాష్యానికి చెమటలు పట్టాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పడు.

“ఇక లేవచ్చమ్మా.”

లూర్దుమేరి లేచి చీర సర్దుకుంది. మూర్ఛపోయిన రాగిణిని విసురుగా దాటి, వెనక్కి తిరిగింది.

“మీరు టైమ్‌కీపర్ కదా సార్, బస్సు లేటని ఒక చీటీ రాసియ్యండి. బాంబు మీద కూర్చున్నానంటే ఆడ ఆసుపత్రిలో మా మేట్రన్ నమ్మదు.”