బియ్యం నిండుకున్నయి

1998 ఆగస్టు. నకిరేకల్‌లో పప్పుల మిల్లు వెనక గదిలో, పట్టపగలు, గోపయ్య కీబోర్డు మీద తల వాల్చి చనిపోయి ఉన్నాడు. వీపులో ఒకటే తూటా. ఎదురుగా తెర మీద సగం తయారైన మెయిల్ సర్వర్.

గూఢచారి విభాగానికి అది మూడో చావు. సరిహద్దు అవతలి ముఠా ఒకటి హైదరాబాదులో తిష్ట వేసింది. దాంట్లోకి ఇస్రాయేలు అనే మన మనిషి దూరి ఆరు నెలలైంది. అతనితో మాటలన్నీ మెయిల్ మీదే. పరాయి సర్వర్లను నమ్మలేక విభాగం సొంత లైనక్స్ కంప్యూటర్ మీద సొంత సర్వర్ నడిపేది. ముఠా దాన్ని పగలగొట్టినప్పుడల్లా ఇంకో ఊళ్లో మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. చేత్తో పెడితే రెండు రోజులు. ఆ రెండు రోజుల్లోనే మనిషి దొరికిపోయేవాడు.

నల్గొండలో పశువుల దవాఖాన గుమాస్తా వేషంలో ఉన్న చీఫ్ రామచంద్రయ్య, ఏజెంట్ ఐలేశాన్ని పిలిపించాడు.

"రెండు దినాల పని ఇరవై నిమిషాలల్ల కావాలె. అయితదా?"

"అయితది సార్."

"నడుమ అడుగుడు, చెప్పుడు ఉండొద్దు. ఎంటర్ కొడితే సర్వర్ లేవాలె."

ఐలేశం మూడు వారాలు కూర్చుని స్క్రిప్ట్ రాశాడు. సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రాం ఎక్కించడం, వాడేవాళ్ల పేర్లు రాసుకోవడం, ఫోన్ లైను కలపడం అన్నీ అదే చూసుకుంటుంది. మధ్యలో "సరేనా?" అని అడిగే ప్రశ్నలను వెతికి వెతికి తీసేశాడు. పెళ్లి రోజున కూడా అతనికి అంత గర్వం కలగలేదు. స్క్రిప్ట్ ఉన్న ఫ్లాపీని సబ్బుపెట్టెలో దాచాడు.

గురువారం పొద్దున అతను కిరాయికుండే ఇంటి సత్తమ్మ గుమ్మంలో ఆపి, బియ్యం, నూనె నిండుకున్నాయనీ, వచ్చేటప్పుడు పట్టుకు రమ్మనీ చెప్పింది. బియ్యం లేవు కనుక అన్నం లేదు. అన్నం లేదు కనుక టిఫిన్ డబ్బా లేదు. అతని పిస్తోలు ఉండేది ఆ డబ్బా అడుగున. గడియారం సెంటరు చేరాక గాని ఆ సంగతి గుర్తు రాలేదు. విభాగం ఇలాంటి వాళ్లతోనే నడిచేది.

ఆ రోజు పని చిన్నదే. ఇస్రాయేలు ముఠా సభ్యుల జాబితాతో పదకొండు నలభైకి సికింద్రాబాదులో రైలెక్కి ఆలేరులో దిగాలి. ఎక్కేముందు స్టేషను పక్క ఇంటర్నెట్ సెంటర్లో మెయిల్ చూసుకుంటాడు. మెయిల్ లేకపోతే ఎక్కడు. కోడ్ ఇంటి సంగతుల్లో ఉంటుంది. ఇంట్లో అన్నీ ఉన్నాయంటే రమ్మని, లేవంటే రావద్దని.

జిరాక్స్ షాపు మీది కంప్యూటర్ కోచింగ్ గదికి పదకొండింటికి మెహరాజ్ మోడెమ్ తెచ్చింది. నల్లద్దాలు, గదంతా అత్తరు. బొంబాయిలో పుట్టి తెలుగును పుస్తకాల్లో చదువుకున్న విభాగం ఏజెంటు.

"జిరాక్స్ మిషన్ గరమైందా?" అన్నాడు ఐలేశం.

"కొంచెం చల్లబడింది," అంది ఆమె. కోడ్ కుదిరింది.

మోడెమ్ తగిలించి, ఫ్లాపీ పెట్టి అతను తల ఎత్తేసరికి సైలెన్సర్ బిగించిన పిస్తోలు నుదుటికి ఎదురుగా ఉంది. ఆలేరు స్టేషన్లో మన వాళ్లకంటే ముందే తమ ముఠా వాళ్లు నలుగురు కాచుకుని ఉన్నారని ఆమె మర్యాదగా చెప్పింది. ఇస్రాయేలు రావాలంటే ఈ సర్వర్ నుంచే మెయిల్ వెళ్లాలట. "చేత్తో పెట్టే రోజులైతే సర్వర్ మాకు ఇవాళ అందేది కాదు. మీ స్క్రిప్ట్‌కు కృతజ్ఞతలు."

ఎంటర్ ఆమే కొట్టింది. తెర మీద వరుసలు పరుగెత్తాయి. ఎక్కడన్నా ఒక్కచోట ఆగి ఒక్క ప్రశ్న అడిగినా ఐలేశం ఆమెతో తప్పు జవాబు కొట్టించేవాడు. అది ఎవరినీ ఏమీ అడగలేదు. పందొమ్మిది నిమిషాల్లో సర్వర్ లేచింది. తను రాసిన వాటిలో తప్పులేకుండా నడిచింది అదొక్కటే, అది ఒక మనిషిని చంపడానికి నడిచింది.

"ఇప్పుడు ఉత్తరం. అతనికి మీ రాత అలవాటు. అంతా సమృద్ధిగా ఉందని రాయండి. లేకపోతే మీ పాత మెయిళ్లు చూసి నేనే రాస్తాను, మీరుండరు."

అతను ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టాడు: బియ్యం నిండుకున్నయి. నూనె గూడ నిండుకున్నది. తిననీకి రా.

ఆమె ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివింది. "నిండుకున్నాయి. అంటే నిండాయి. ఎక్కడా లేదు అన్న మాట లేదు. బాగుంది." పదకొండు ఇరవై ఆరుకు మెయిల్ వెళ్లిపోయింది. తర్వాత కంప్యూటరుకు ఒక తూటా, ఫ్లాపీకి ఒకటి ఇచ్చి, అతని చేతిని కిటికీ ఊచకు బేడీ వేసి మెట్లు దిగింది.

ఐలేశానికి ఆశ కలగలేదు. ఇస్రాయేలును అతనెప్పుడూ చూడలేదు. ఏ ఊరివాడో, ఏ ఇంట్లో పెరిగాడో తెలియదు. బియ్యం లేవని నోటితో అనకూడదని చెప్పే అవ్వ ఆ ఇంట్లో ఉండేదో లేదో. లేకపోతే అతనూ ఈమెలాగే చదువుకుంటాడు, సంతోషంగా రైలెక్కుతాడు. ఐలేశం గోడకు తల ఆనించి ఏడ్చాడు.

రెండింటికి రామచంద్రయ్య వచ్చి బేడీ కోయించాడు. ప్రాణం మీదికొస్తే తప్ప చేయకూడని నంబరుకు ఇస్రాయేలు ఫోన్ చేశాడట. మెయిల్ చదివి, సరేననుకుని, పరుగెత్తి, సంచి లోపలికి విసిరి ఒక కాలు రైలు మెట్టు మీద పెట్టాడట. రైలు కదులుతుండగా, బియ్యం నిండుకున్నయి దుకాణానికి పొమ్మనే వాళ్లమ్మ గొంతు చెవిలో వినపడి కాలు వెనక్కి తీశాడట.

బతికాడు, అంతే. జాబితా ఆ రైల్లోనే సంచితో పాటు వెళ్లిపోయింది. మెహరాజ్ దొరకలేదు. ఇస్రాయేలు ఎటు పోయాడో, ఇక ఎప్పటికీ తెలియదు. ఇక మీదట సర్వర్లు చేత్తోనే పెట్టాలనీ, పెట్టేది ఐలేశమేననీ పైనుంచి ఆర్డరు కూడా వచ్చింది.

"ఫోన్ పెట్టేసెటప్పుడు ఇస్రాయేలు ఒక్క మాట అడిగిండు," అన్నాడు రామచంద్రయ్య. "మీ ఇంట్ల నిజంగనే బియ్యం లేవా అని."

"లేవు సార్."

నాలుగేళ్ల ఉద్యోగంలో ఐలేశం పంపిన మెయిళ్లలో అబద్ధం లేనిది అదొక్కటే.