తొమ్మిదో తెడ్డు

మిట్టమధ్యాహ్నం... అయినా అమావాస్య నిశీధిలా కారునలుపు కమ్మిన ఆకాశం. బాల్టిక్ తీరమంతా ఉరుములతో దద్దరిల్లుతోంది. వేళకాని వేళ ఎక్కడో గుడ్లగూబ కూసింది... చేపల కొట్టంలో కపాలం ముందు కూర్చున్న స్వెర్కర్, అది తనకు స్వాగతమనుకున్నాడు. పాపం, గుడ్లగూబకు వేరే పనిలేదు కాబోలు!

మహామాంత్రికుడట! మొన్నటిదాకా ఎండుచేపలు అమ్మినవాడు. ఒంటిమీద ఎలుగుబంటి తోలు, కాళ్ళకు మాత్రం అవే రబ్బరు బూట్లు. తవ్వకాల్లో బయటపడ్డ, పడవతో సహా పూడ్చిన సమాధిలోంచి సోదెగత్తె కపాలాన్ని, ఇనుప దండాన్ని దొంగిలించాడు. వెయ్యేళ్ళ కిందట ఆమె శకునం చెబితేగానీ తూర్పునదుల మీద వర్తకపు ఓడ కదిలేది కాదు. ఆమెతోపాటు ఎర్రరాళ్ళ దండ, అరబ్బుల వెండి, తెడ్లు వేసేచోట ఎనిమిది అస్థిపంజరాలు దొరికాయి. తొమ్మిదో చోటు ఖాళీ. మిగతా వెండి ఎక్కడ పాతారో ఆమె చేతే చెప్పించాలని వీడి దురాశ. ఆ ప్రేతాత్మ ఆవహించడానికి ఒక దేహం కావాలి... అందుకే పందొమ్మిదేళ్ళ టూవాను స్తంభానికి కట్టేశాడు.

తలుపు తోసుకుని టూవా అక్క రాగ్నిల్డ్ వచ్చింది. ఆ తవ్వకాలు జరిపిస్తున్నది ఆమే. దండాన్ని చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. మట్టిలోంచి తీసినప్పుడు అది కొక్కెంలా వంగి ఉంది. ఇప్పుడు నిటారుగా ఉంది.

"ఎవరు సాపు చేశారు దీన్ని?"

"నేనే, కొలిమిలో పెట్టించా. వంకర కర్ర పట్టుకుని మంత్రమేస్తే నలుగురూ నవ్వరూ?"

"ఓరి దద్దమ్మా, ఆమె మళ్ళీ లేవకూడదనే దాన్ని వంచి పాతిపెట్టారు. నా చెల్లిని వదిలెయ్. నువ్వూ బతుకుతావ్."

"పోయి నీ మట్టి జల్లించుకోవే. సోదెగత్తె ఇక నా బానిస."

వాడు మంత్రం అందుకున్నాడు. పిడుగు పడింది. టూవా కట్లు పుటుక్కున తెంచుకుని, జుట్టు విరబోసుకుని లేచింది. ఆమె గొంతులోంచి ఒక ముసలి స్వరం...

"నా దండం సరిచేసిందెవర్రా?"

"నేనే తల్లీ," అన్నాడు స్వెర్కర్ చేతులు జోడించి. బానిసను ఎవరైనా తల్లీ అంటారా?

"మంచి పని చేశావ్. ఒక మనిషిని తక్కువిచ్చి సాగనంపారు నన్ను. పద, చాలా దూరం పోవాలి."

ఒక్క ఆర్తనాదం... కళ్ళు చెదిరే మెరుపు. తరువాత కొట్టంలో స్వెర్కర్ లేడు. దండం మళ్ళీ కొక్కెంలా వంగి నేలమీద పడి ఉంది.

"అక్కా, చలేస్తోంది," అంది టూవా. రాగ్నిల్డ్ చెల్లెలిని గుండెకు హత్తుకుని భోరుమంది.

వాన తెరిపిచ్చాక ఇద్దరూ సమాధి దగ్గరకు వెళ్ళారు. తెడ్ల దగ్గర తొమ్మిది అస్థిపంజరాలున్నాయి. అన్నీ వెయ్యేళ్ళ మట్టిలో ఒకేలా నల్లబడి ఉన్నాయి. తొమ్మిదోదాని కాళ్ళకు మాత్రం రబ్బరు బూట్లున్నాయి.