నురగ కేకు కేసు

బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ పైన ఉన్న గదికి మెట్లెక్కి వచ్చేసరికి మస్తాన్‌బీకి ఆయాసంతో మాట రాలేదు. డిటెక్టివ్ చెంచయ్య మంచినీళ్లు ఇప్పించాడు. అసిస్టెంటు నాగజ్యోతి ఫ్యాను ఆమె వైపు తిప్పింది.

"మా ఇంట్లో ద్రోహం జరిగింది బాబుగారూ. ఇవాళ కేకు. రేపు మా అన్నంలో ఏం కలుపుతుందో."

"ఎవరు?"

"మా కోడలు నగ్మా. మా అబ్బాయి హయాత్ నమ్మడు, సాక్ష్యం కావాలంటాడు. ఇవాళ సాయంత్రానికి ఆటో పిలిచాను. పొన్నూరులో వాళ్లమ్మ దగ్గర దింపి రమ్మన్నాను. ఒకసారి దింపితే మళ్లీ తీసుకొచ్చేది లేదు. ఈలోగా మీరు తేల్చాలి."

చెంచయ్య నవ్వలేదు. మొదట్నించి చెప్పమన్నాడు.

మస్తాన్‌బీ కూతురు అఫ్రోజ్ ఫోన్‌లో చూసి కేకులు నేర్చుకుంది. మొదటి పెద్ద ఆర్డరు వెంకటరావమ్మ గారి మనవరాలి పుట్టినరోజుకి వచ్చింది. గిన్నెలో ఐస్‌క్రీం అదిమి, పైన మెత్తటి కేకు ముక్క పరిచి, రాత్రంతా ఫ్రీజర్లో గడ్డకట్టించాలి. మర్నాడు దాన్ని బోర్లించి, గుడ్డు తెల్లసొనలో పంచదార వేసి గిలక్కొట్టిన నురగని చుట్టూ పూసి, బాగా కాగిన ఓవెన్‌లో కాసేపు ఉంచాలి. పైన నురగ ఎర్రబడుతుంది, లోపల ఐస్‌క్రీం కరగదు.

"ముందు వారం ఇంట్లో చేసి చూసింది, అమృతంలా ఉంది. వాళ్లింట్లో కోస్తే లోపలంతా ఐసు పలుకులు. కింద కేకు నీళ్లలో నానేసిన బన్ను. నురగ జారి పళ్లెంలో పడింది. నలుగురిలో పిల్ల తల ఎత్తుకోలేకపోయింది."

"కోడలి మీద ఎందుకు అనుమానం?"

"ముందురోజు సాయంత్రం ఉరుములు మొదలయ్యాయి. కళ్లంలో మిర్చి తడుస్తుందని హయాత్ పట్టాలు తీసుకుని పరిగెత్తాడు. అఫ్రోజ్ గుడ్లకి వెళ్లింది. ఇంట్లో నేనూ, అదీ. నాకు ఉరుమంటే ప్రాణం పోతుంది బాబుగారూ. టీవీ, మిక్సీ ప్లగ్గులు పీకేసి, మంచమెక్కి దువా చదువుకుంటూ పడుకున్నాను. తెల్లారి నమాజుకి లేస్తే నగ్మా ఫ్రీజర్ మూత ఎత్తి నిలబడి ఉంది. ఏంటే అంటే ఊరికే అంది. ఊరికే ఎవరైనా ఫ్రీజర్ తెరుస్తారా?"

"తెరవరు," అన్నాడు చెంచయ్య.

ఆ ఒక్క మాటతో మస్తాన్‌బీకి సగం కేసు గెలిచినట్టే అనిపించింది.

చుట్టుగుంటలో వాళ్ల ఇల్లు మూడు గదులు. గుమ్మం పక్కన నగ్మా సంచి సర్ది ఉంది. హయాత్ తల్లి వైపు చూడకుండా కూర్చున్నాడు. వంటింట్లో గోడవార పాత ఫ్రీజర్ గుర్రుమంటోంది.

"దీని మూత రబ్బరు వదులు సార్," అంది అఫ్రోజ్. "కరెంటు పోతే చల్లదనం నిలవదు. అందుకే ఆ రోజు మధ్యమధ్య చూస్తూనే ఉన్నాను, కరెంటు పోలేదు."

"ఈ ఫ్రీజర్ ఇంటికి వచ్చి ఎన్నాళ్లయింది?" అన్నాడు చెంచయ్య.

"ఈ నెలలోనే. జాగా లేక మిక్సీని వెనక వరండాలోకి మార్చాం."

నాగజ్యోతి వెళ్లి చూసి వచ్చింది. చెంచయ్య ఫ్రీజర్లోంచి పాల ప్యాకెట్టు తీశాడు. గడ్డకట్టిన ప్యాకెట్టు అడుగున తీగల బుట్ట గీతలు లోతుగా దిగి ఉన్నాయి.

"ఇది ఎప్పటిది?"

"కేకుకి ముందురోజు పొద్దున్నది. బల్లపరుపు ట్రేలో గట్టిపడ్డాక నేనే ఈ బుట్టలోకి మార్చాను," అంది అఫ్రోజ్.

నగ్మా మూలన నిలబడి కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది.

"అమ్మా, ఆ తెల్లవారుజామున ఫ్రీజర్ ఎందుకు తెరిచారు?"

"ఊరికేనండి."

"చూశారా," అంది మస్తాన్‌బీ. "దాని నోట్లోంచి ఇంకో మాట రాదు."

చెంచయ్య అందర్నీ వంటింట్లోనే కూర్చోమన్నాడు. పీటలు చాలక హయాత్ గడప మీద కూర్చున్నాడు.

"కేకు తయారీలో తప్పు లేదు," అన్నాడు చెంచయ్య. "గట్టి ప్యాకెట్టుకి తీగల గీతలు పడవు. అది కరిగి, మెత్తబడి, తీగల మధ్యకి జారి, మళ్లీ గడ్డకట్టింది. ఐస్‌క్రీం కూడా అంతే. కరిగి కేకు ముక్కలోకి ఇంకింది, మళ్లీ గడ్డకట్టి పలుకులైంది. అంటే రాత్రంతా ఫ్రీజర్ ఆగిపోయి, పొద్దున మళ్లీ నడిచింది. ఆపింది ఒకరు, నడిపింది ఇంకొకరు."

"ఇద్దరా?" మస్తాన్‌బీ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఇంట్లో ఇంకో దొంగ కూడా ఉన్నాడన్నమాట.

"మస్తాన్‌బీ గారూ, ఆ సాయంత్రం మీరేం పీకారో ఒకసారి చూపించండి."

ఆమె ముందు గదిలోకి వెళ్లి టీవీ ప్లగ్గు పీకింది. తిరిగి వచ్చి, గూటి పక్క బోర్డు దగ్గర ఎప్పటిలాగే చెయ్యి చాచి, లాగింది.

గుర్రుమనే చప్పుడు ఆగిపోయింది.

"అదేనా మిక్సీ?" అని మెల్లగా అడిగింది నాగజ్యోతి. "మిక్సీ వరండాలో ఉందండి. అక్కడ ప్లగ్గు పెట్టే చోటే లేదు."

మస్తాన్‌బీ చేతిలో ప్లగ్గు వైపు చూసింది. ఇన్నేళ్లూ అక్కడ ఉన్నది మిక్సీయే. కంటికి తెలిసిన మార్పు చేతికి తెలియలేదు.

"ఆపింది మీరు," అన్నాడు చెంచయ్య. "పొద్దున మీకంటే ముందు లేచి, వేలాడుతున్న ప్లగ్గు చూసి పెట్టింది మీ కోడలు. లోపల ఏమైందో చూద్దామని మూత ఎత్తింది. అప్పుడే మీరు వచ్చారు."

అందరూ నగ్మా వైపు తిరిగారు.

"చేత్తో తాకితే మెత్తగా ఉంది వదినా," అని అఫ్రోజ్‌తో అంది నగ్మా. "ప్లగ్గు పెట్టాను కదా, మళ్లీ గడ్డకడుతుందనుకున్నా. బాగైపోతుందిలే అనుకున్నా. నాకేం తెలుసు."

"తర్వాతైనా చెప్పొచ్చుగా," అన్నాడు హయాత్. "సంచి సర్దుకునేదాకా వచ్చింది."

"ఏమని చెప్పను? అత్త ఉరుముకి భయపడి చేసిందని చెబితే వెంకటరావమ్మ గారింట్లో కథ చెప్పుకుని నవ్వుతారు. తన కూతురి పని తనే చెడగొట్టానని అత్తకి తెలిస్తే అన్నం తింటుందా? నన్నంటే ఎలాగూ తిడుతూనే ఉంది."

మస్తాన్‌బీ చేతిలో ప్లగ్గు ఇంకా అలాగే ఉంది. నగ్మా వచ్చి అందుకుని పెట్టింది.

బయట ఆటో హారన్ మోగింది. ఎవరూ కదల్లేదు. మస్తాన్‌బీయే గుమ్మం దాకా వెళ్లింది. "ఇవాళ బేరం లేదు నాయనా," అని ఆటోవాడికి చెప్పి, సంచి భుజాన వేసుకుని లోపలికి తెచ్చి నగ్మా మంచం మీద పెట్టింది.

"వెంకటరావమ్మ గారి దగ్గరికి నేనే వెళ్తా," అంది. "చేసింది నేనేనని చెప్తా. నవ్వితే నవ్వుకుంటారు."

ఆ ఇంటి మెట్లు దిగుతూ నాగజ్యోతి చెంచయ్యని అడిగింది. "మన గదిలో కూర్చున్నప్పుడే పోల్చుకున్నారు కదా సార్?"

"మిక్సీ ఎక్కడుందో తెలిసేదాకా లేదు."

పడమట దిక్కున ఉరిమింది. లోపల మస్తాన్‌బీ పీట మీదనుంచి దిగ్గున లేచింది. బోర్డు దాకా వెళ్లి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడిపోయింది.

"నగ్మా, ఇటు రామ్మా. దీన్లో ఏది పీకాలో నువ్వే చూడు."