ఏ పండ్లు మేడం?

"నా పండ్లు ఖరాబున్నయని పిల్లలకు చెప్పినరట?"

బత్తాయిల బుట్ట టేబుల్ మీద దించి జోయల్ అలా అడిగేసరికి ఏడో తరగతి మొత్తం గప్‌చుప్ అయిపోయింది.

లక్సెట్టిపేటలో ఆ బడి గేటుకు ఎదురుగానే అతని జ్యూస్ సెంటర్. పొద్దున్నే పిల్లలు వచ్చి, "కొత్త సైన్స్ మేడం నీ జ్యూస్ తాగొద్దన్నదే అన్నా! పండ్లు పుచ్చుతయట" అన్నారు. ఏరి ఏరి తెచ్చిన సరుకును పుచ్చంటే ఎవరికి మండదు?

సైన్స్ మేడం మహిమ బుట్టను చూసింది, అతణ్ణి చూసింది. పకాలున నవ్వింది.

"అయ్యో! నేనన్నది బుట్టల పండ్లు గాదు, నోట్లె పండ్లు!"

మా దిక్కు తినేవీ పండ్లే, కొరికేవీ పండ్లే. పాపం, అతని తప్పేముంది? క్లాసంతా గొల్లుమంది. జోయల్‌కూ నవ్వొచ్చింది కానీ, చెయ్యి దానంతటదే నోటికి అడ్డంపోయింది. ముందు పన్ను నల్లబడిపోయింది మరి. బాపు కొట్టులో చిన్నప్పట్నుంచీ నీళ్లకు బదులు షర్బతే తాగి పెరిగినవాడు. ఎవరి పెళ్లికి పోయినా, ఫొటోల్లో మూతి బిగించుకునే నిలబడతాడు.

"నా జ్యూస్‌తోని పుచ్చుతయని రుజువేది?" అన్నాడు తేరుకుని.

"రుజువు లేకుండ పిల్లలకు ఒక్క మాట చెప్ప. మీదే ఒక గ్లాసు తెచ్చియ్యుండ్రి."

రోషంగా వెళ్లి మంచి నిమ్మ షర్బత్ తెచ్చాడు. మహిమ ఒక గ్లాసులో నీళ్లు, ఒకదాంట్లో కోలా, ఇంకోదాంట్లో అతని షర్బత్ పెట్టి, మూడింట్లో మూడు కోడిగుడ్లు వేసింది.

"గుడ్డు పెంకూ పన్నూ ఒక్కటి గాదు. గనీ రెండిట్ల కాల్షియముంటది. పులుపు దాన్ని తింటది. చక్కెరనేమో నోట్లె సూక్ష్మజీవులు తిని, ఇంక పులుపు పుట్టిస్తయి. ఏమైతదో సూద్దాం."

ఆ రెండు రోజులూ ఇంటర్వెల్ గంట కొట్టగానే జోయల్ వచ్చి కిటికీ దగ్గర నిలబడేవాడు. బయట ముసురు.

"గుడ్డు మీద గింత ఫికరా?" అని ఏడిపించింది మహిమ.

"గుడ్డు మీద గాదు" అనబోయి మింగేశాడు.

"మాది నస్పూర్. మా బాపు బొగ్గుబాయి నుంచి వస్తే మొఖమంత నల్లగ, పండ్లొక్కటే తెల్లగ. చీకట్ల ఆ నవ్వును జూసే గుర్తుపడుదుము" అంది ఆమె వానను చూస్తూ.

జోయల్ పెదాలు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. తెల్లని నవ్వును చూసి పెరిగిన పిల్ల తన వైపు చూస్తుందా? ఆశ పడడం తప్పనిపించింది. కానీ ఆశ ఆగితేనా!

మూడోనాడు పిల్లల ముందు గుడ్లు తీశారు. నీళ్లలోది ఎలా వేశారో అలాగే ఉంది. కోలాలోది గోధుమరంగుకు తిరిగింది. షర్బత్‌లోదాన్ని మహిమ వేలితో రుద్దితే పొడి రాలింది, పెంకు మెత్తబడి సొట్టపోయింది. అన్నిట్లోకీ అదే అధ్వానం.

పిల్లలందరూ జోయల్ వైపు తిరిగారు. అతని ముఖం చిన్నబోయింది.

మహిమ గొంతు సవరించుకుంది. "ఈ గుడ్డు... ముందే పగిలున్నదేమో. దీన్ని పక్కకు పెడుదాం."

జోయల్ ఉలిక్కిపడ్డాడు. రుజువు లేని మాట చెప్పని మనిషి, తన కోసం పిల్లలకు అబద్ధం చెబుతోంది!

"లేదు మేడం. గుడ్డు మంచిదే, నా షర్బతే గట్లాంటిది." రెండడుగులు ముందుకొచ్చి పిల్లలకు ఎదురుగా నిలబడ్డాడు. "గుడ్డెందుకురా, నన్ను సూడుండ్రి" అని నోరు తెరిచి, నల్ల పన్ను చూపించాడు. "దినాం తాగి గిట్ల చేసుకున్న. రేపటికెల్లి నా తాన చక్కెర తక్కువ. తాగినోళ్లు నీళ్లతోని నోరు పుక్కిలించినంకనే పోవాలె."

ఎవరూ నవ్వలేదు. మహిమ వైపు చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

సాయంత్రం వానలో తడుస్తూ ఆమె కొట్టుకు వచ్చింది.

"అబద్ధమెందుకు చెప్పినరు మేడం?"

"మీ మొఖం చిన్నబోతే సూడలేకపోయిన. తప్పే. రేపు పిల్లలకు ఒప్పుకుంట." తడిసిన కొంగు పిండుకుంటూ అంది, "ఆదివారం ప్రార్థన అయినంక మంచిర్యాల పోదాం. అక్కడ పండ్ల డాక్టరున్నడు."

"పోదామా? ఇద్దరమా?"

"ఒక్కరినే పంపితే భయపడి నడుమల్నే దిగిపోతరు. ఆడికెల్లి మా ఇంటికి. బాపు మిమ్ముల సూస్తనన్నడు."

జోయల్‌కు నవ్వు ఆగలేదు. అలవాటుగా చెయ్యి పైకి లేచింది. మహిమ మధ్యలోనే పట్టుకుని కిందికి దించింది.

"దాయకుండ్రి. మీ పండ్లు మంచిగున్నయి."

అతను బత్తాయిల బుట్ట వైపు చూశాడు. "ఏ పండ్లు మేడం?"

"రెండూ" అంది మహిమ. చెయ్యి మాత్రం వదల్లేదు.