మామగారి దిష్టిబొమ్మ

దేవుడు కుదురుగా పెట్టిన ముక్కును మనిషి సాగదీసి గీస్తే, అది ఆ దేవుణ్ణి వెక్కిరించినట్టు కాదా? పదో తరగతిలో ఉండగా అమ్మ అడిగిన ఈ మాట వంశీకృష్ణను ఇప్పటికీ వదల్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మనుషుల ముఖాల్ని నవ్వొచ్చేలా సాగదీసే కారికేచర్లు గీస్తూ బతుకుతున్నా, ప్రతిసారీ కాగితాన్ని కళ్ళకద్దుకునే మొదలుపెడతాడు.

ఈసారి గీసింది అరుణ వాళ్ళ నాన్న పాండురంగాన్ని.

చదువుకునే రోజుల్లో అరుణది, అతనిది ఒకే ట్యూషన్. అప్పట్లో తన బొమ్మ గీయించుకుని, బదులుగా నీ బొమ్మ గీసిస్తానని మాటిచ్చి ఎగ్గొట్టిన పిల్ల. నిరుడు ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల కింద, వానకు ఆగినప్పుడు మళ్ళీ కనిపించింది. వాన వెలిసింది గానీ మాటలు ఆగలేదు. ఆ బొమ్మ బాకీ ఎప్పుడు తీరుస్తావని అతను అడగడం, చూద్దామని ఆమె దాటెయ్యడం రోజూ ఉండేదే.

పెళ్ళి మాట ఎత్తడానికి మాత్రం ఆమెకు భయం. "మా నాన్న నవ్వినప్పుడే అడగాలె. ఆయనేమో నవ్వడు" అంది.

అన్నం తినేటప్పుడు పాండురంగం టీవీలో పిల్లల కార్టూన్ ఒకటి వదలకుండా చూస్తాడట. అదీ నవ్వకుండానే. వంశీ ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ఆయన్ని నవ్వించాలని, బడంగ్‌పేట్‌లో వాళ్ళ కొత్తింటి గృహప్రవేశానికి కానుకగా, అచ్చం ఆ కార్టూన్ గీతలోనే పెద్దాయన్ని దించాడు. బయటికి పొడుచుకొచ్చిన గుడ్డు కళ్ళు, బంగాళాదుంప ముక్కు, చీపురు మీసాలు.

"చేతికి నాలుగే వేళ్ళేంది?" అంది అరుణ.

"ఆ కార్టూన్‌లో అందరికీ నాలుగే."

"అట్లయితే ఉంగరం ఏ వేలికి తొడుగుతరు?"

ముందురోజే బొమ్మను వాళ్ళింటికి పంపేశాడు. తీరా గృహప్రవేశం నాడు వెళ్ళేసరికి అతని కాళ్ళు గేటు దగ్గరే ఆగిపోయాయి. బొమ్మ మేడ ముందు, బూడిద గుమ్మడికాయ పక్కన వేలాడుతోంది. కింద నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు. అరుణ నానమ్మ భారతమ్మ దాన్ని దిష్టిబొమ్మ అనుకుని కట్టించేసింది. వ్రతానికొచ్చిన చుట్టాలు పైకి చూస్తారు, పాండురంగాన్ని చూస్తారు, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంటారు.

ఏం చూస్తున్నారా అని పాండురంగం వాకిట్లోకి వచ్చి తలెత్తాడు.

"ఎవడు గీసిండు?"

ఇప్పుడు తప్పుకుంటే అరుణ ముఖం ఇంకెప్పుడూ చూడలేననిపించింది వంశీకి. "నేనే అంకుల్" అన్నాడు, గేటు దాటి ముందుకొచ్చి.

భారతమ్మ అడ్డుపడింది. "పోరగాన్ని ఏమనకు కొడుకా, కట్టించింది నేను. దేవుడు మంచిగ జేసిన మొఖానికి దిష్టి తగలొద్దనే గదా గిసొంటి వంకర మొఖం ముందర పెట్టేది? నీ లెక్కనే ఉంటే ఇంకా మంచిదే."

వంశీకి ఒక్క క్షణం భయం కూడా గుర్తులేదు. అమ్మ మాటతో మొదలైన ఇన్నేళ్ళ అనుమానం ఆ ముసలమ్మ నోట ఇంత తేలిగ్గా విడిపోతుందని అనుకోలేదు.

పాండురంగం వేళ్ళు లెక్కపెట్టాడు. "నాలుగే... గిది మన టీవీల కార్టూన్ గదనే" అంటూ మొదలైన నవ్వు పొట్ట దాకా పాకింది. ఆ నవ్వు ఆగకముందే అరుణ నాన్నను పక్కకు పిలిచి పెళ్ళి మాట చెప్పేసింది.

నవ్వు ఆగింది. ఆయన బొమ్మను చూశాడు, కుర్రాణ్ణి చూశాడు.

"మీ అమ్మానాయినను తోలుకరా, మాట్లాడుదం. బొమ్మ మాత్రం దించేది లేదు" అన్నాడు.

తీర్థప్రసాదాలయ్యాక వెనక వరండాలోకి రమ్మంది అరుణ. మిగిలిన ముగ్గుపిండితో నేల మీద ఏదో గీసింది. గుడ్డు కళ్ళు, బంగాళాదుంప ముక్కు, చెదిరిన జుట్టు. వంకరగా ఉన్నా, తనేనని వంశీ పోల్చుకున్నాడు. నాలుగు వేళ్ళలో ఒకదానికి ఉంగరం కూడా ఉంది.

"ట్యూషన్‌ల బాకీ" అంది చేతులు దులుపుకుంటూ. "ఇగ అడగకు."