అర్ధగంట దూరం

"లిఫ్టు ఆగిపోతే తలుపు బాదకూడదండీ. గంట నొక్కాలి."

"నొక్కాను. తమరు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది."

టైలరమ్మాయికీ లిఫ్టు మెకానిక్కుకీ పరిచయం అలా అయింది. ఆ తర్వాత లిఫ్టు చెడిపోకపోయినా అతను వారానికోసారి వచ్చి చూసిపోయేవాడు. లిఫ్టునో, మరి ఆమెనో.

ఏడాది తిరిగేసరికి కంపెనీ అతన్ని దూరపు నగరానికి బదిలీ చేసింది.

"పెళ్ళి సంగతి మీ అమ్మగారితో మాట్లాడనా?" అని అడిగాడు వెళ్ళేముందు.

"మొదటిసారి సెలవు మీద వస్తావుగా, అప్పుడు చెప్తాలే," అంది కొంచెం బెట్టుగా.

అతను తాను వెళ్ళే విమానం టిక్కెట్టు ఫొటో పంపాడు. ఆమె బట్టల మీద గీతలు గీసే సుద్దతో మిషను బల్ల మీద రాసుకుంది. బయల్దేరేది 10:40, చేరేది 11:10.

అర్ధగంటే. హమ్మయ్య అనుకుంది. పిన్నివాళ్ళింటికి బస్సులో వెళ్తేనే గంట పడుతుంది.

ఆదివారాలు వచ్చాయి, పోయాయి. అతను రాలేదు. "ఒక్కరోజు సెలవులో అంత దూరం ఎలా రాను?" అనేవాడు ఫోనులో. అంత దూరమా? ఆమె సుద్దరాత వైపు చూసేది.

పదకొండో ఆదివారం నుంచి ఫోను తియ్యడం మానేసింది. అది మోగినప్పుడల్లా మాత్రం సూది వేలికి దిగేది.

"నోరు తెరిచి అడిగెయ్యరాదూ," అంది పక్క మిషను మీద కుట్టే వదిన.

"వచ్చే మనసుంటే అడగాలా వదినా?"

ఆ బుధవారం అతను షాపు గుమ్మంలో నిలబడ్డాడు. నిద్రలేక కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి.

"ఫోనెందుకు తియ్యవు? ఏమైందోనని ప్రాణం పోయింది."

"అర్ధగంట ప్రయాణానికి మూడు నెలలా?"

"అర్ధగంటేంటి?"

బల్ల చూపించింది. అతను నవ్వబోయి, ఆమె కళ్ళు చూసి ఆగిపోయాడు.

"పది నలభై ఇక్కడి టైము. పదకొండు పది అక్కడిది. వేరే దేశం కదా, అక్కడి గడియారాలు మనకంటే రెండున్నర గంటలు వెనక. గాల్లో ఉండేది మూడు గంటలు."

ఆమె మొహం కందిపోయింది. వదిన నవ్వాపుకోలేక దగ్గింది.

మాట మార్చాలని ఆమె అతని వాచీ చూసింది. ఒంటిగంట. గోడ గడియారమూ అంతే. "దిగగానే మార్చేశావా?"

"అసలు మార్చనేలేదు. అక్కడ పొద్దున్న పదిన్నరకే క్యారేజీ విప్పుతానని అందరూ తిండిపోతంటారు. ఇక్కడ నువ్వు భోజనానికి లేచే వేళ కదా అది."

ఆమె తడిగుడ్డతో ఆ సుద్దరాత తుడిచేసింది.

"మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి?"

"రేపు, అదే విమానం."

"వదినా, షట్టరు దించు. ఇంటికెళ్దాం. అమ్మతో మాట్లాడతాడట."

"ఇప్పుడా? కాస్త ఊపిరి తీసుకోనివ్వవే."

"మూడు గంటలు ఎగిరొచ్చాడు. ఇంకో పది నిమిషాలు నడవలేడా," అంటూ అతని సంచీ తన భుజానికి తగిలించుకుంది.